హెలెన్ పొద్దుటి క్లాసు

మా కాలేజీ ఉన్న ఊరి పేరు చెప్పను. చెబితే మా ప్రిన్సిపాలు గారికి కోపం వస్తుంది, ఆ కోపం నేను రిటైరయ్యేదాకా భరించాలి. బెజవాడలో బస్సెక్కి, మైలవరం దాటి, ఇంకొంచెం లోపలికి వెళితే వచ్చే ఊరనుకోండి, చాలు. చుట్టూ మామిడి తోటలు, ఊరి చివర ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. అక్కడ నేను కామర్స్ చెబుతాను. పేరు రమాసుందరి. పాతికేళ్ళుగా చెబుతున్నాను, నోరు మంచిది కాదని పేరు కూడా తెచ్చుకున్నాను. అయితే ఈ రాసేది నా గురించి కాదు, హెలెన్ గురించి. వయసులో నాకంటే పదేళ్ళు చిన్నది కాబట్టి ఇక్కడ హెలెన్ అనే రాస్తాను. ఎదురుపడితే మాత్రం గారు చేర్చే పిలుస్తాను.

హెలెన్ మా కాలేజీలో ఇంగ్లీషు గెస్ట్ లెక్చరర్. గెస్ట్ అంటే గౌరవం అనుకునేరు. ఏటా వేసవిలో ఆవిడ ఉద్యోగం పోతుంది. కాలేజీ తెరిచాక జులైలోనో ఆగస్టులోనో మళ్ళీ వస్తుంది, రాకపోనూ వచ్చు. పదకొండేళ్ళుగా ఇదే తంతు. పటమటలో రెండు గదుల వాటాలో ఉంటుంది. ఆస్పత్రిలో ఆయాగా చేసి ఆవిడను చదివించిన తల్లి శౌరమ్మ ఇప్పుడు మంచం మీద ఉంది. తల్లికి ముఖం కడిగి, ఇంత జావ తాగించి, పక్కింటావిడకు అప్పజెప్పి, చీకటుండగానే బస్టాండుకు వస్తుంది. మిగతా లెక్చరర్లం పది గంటలకు కాలేజీలో దిగితే ఆవిడ ఎనిమిదింపావుకే దిగేది. ఎందుకంటే పొద్దుటి క్లాసు కోసం. ఆ క్లాసు టైంటేబుల్లో లేదు, దానికి జీతమూ లేదు. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు, తన ఉద్యోగానికే దిక్కులేని మనిషి ఇరవైరెండు మంది పిల్లల్ని నెత్తికెత్తుకుంది.

ఆ పిల్లలు ఎవరో చెప్పాలి. తోటల్లో కాపలా ఉండేవాళ్ళ పిల్లలు, పత్తి తీసేవాళ్ళ పిల్లలు, ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనుషులు. ఇంటర్ దాకా తెలుగులో చదివారు. నాలుగైదేళ్ళ కిందట డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం చేసేశారు. నేను పాఠం తెలుగులోనే చెబుతాను, ఇంకోలా చెబితే గోడలకు చెప్పినట్టే. పరీక్ష మాత్రం ఇంగ్లీషులో రాయాలి. మధ్యలో ఉన్న ఆ గోతిని పిల్లలు గైడుతో పూడుస్తారు. అర్థం తెలియకుండా పేజీలకు పేజీలు బట్టీ పడతారు. ఒకసారి జాన్ పాల్ అనే కుర్రాడు నా పేపర్లో జవాబంతా రాసి, చివర్లో "పేజీ 48 చూడుము" అని కూడా ఇంగ్లీషులో రాశాడు. గైడులో అలా ఉంది మరి. నేను నవ్వుకుని మార్కులు వేశాను. స్టాఫ్‌రూములో అందరికీ చూపించాను కూడా. అందరూ నవ్వారు, హెలెన్ తప్ప.

ఆవిడ ఎందుకు నవ్వలేదో తర్వాత తెలిసింది. ఓ సాయంత్రం తిరుగు బస్సు ఇబ్రహీంపట్నం దగ్గర చెడిపోతే, వేరే బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడినప్పుడు తనే చెప్పింది. హెలెన్ కూడా తెలుగు మీడియమే. డిగ్రీలో ఇంగ్లీషు పేపరు రెండుసార్లు పోయింది. మూడోసారి గైడు మొత్తం మింగి పాసయింది. ఆ పట్టా పట్టుకుని ఓ ప్రైవేటు బడిలో ఇంటర్వ్యూకు వెళితే, మీ అమ్మగారేం చేస్తారో ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పమన్నారట. నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. భయంలో గైడులో నేర్చిన వ్యాసం ఒకటి గడగడా అప్పజెప్పింది. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడట. ఆ తర్వాత మూడేళ్ళు, తెలుగు బైబిలు ఇటు, ఇంగ్లీషు బైబిలు అటు పెట్టుకుని, వచనం పక్కన వచనం చదివి భాష నేర్చుకుంది. "పట్టా ముందొచ్చింది, చదువు తర్వాతొచ్చిందండి నాకు" అంది. అప్పట్నుంచీ గైడంటే ఆవిడకు ఒళ్ళు మంట.

పొద్దుటి క్లాసులో ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. గైడు తేకూడదు. ప్రతివాళ్ళూ దారిలో చూసిన ఏదో ఒక సంగతి ఇంగ్లీషులో చెప్పాలి, తర్వాత అదే రాయాలి. అక్కణ్ణుంచి మెల్లగా మా సబ్జెక్టుల్లోకి లాక్కొచ్చేది. పాఠంలో విన్నది మీ ఊళ్ళో ఎక్కడ ఉందో చూడండి, దాన్ని రాయండి అనేది. "తప్పులు రాయండి, కానీ మీవి మీరు రాయండి" అనేది. తినకుండా వచ్చే పిల్లల కోసం ఉడకబెట్టిన శనగలు డబ్బాలో తెచ్చేది. మొదట్లో శనగల కోసమే వస్తున్నారని నేను వేళాకోళం చేశాను.

వాళ్ళల్లో వినీల అనే పిల్ల ఉంది. తండ్రి ఆమోసు మామిడి తోటకు కాపలాదారు, తల్లి మణెమ్మ కూలికి వెళుతుంది. వాళ్ళ ఊరు తోటల మధ్య ఎక్కడో ఉంది. కాలేజీ వేళకు బస్సు లేదు. ప్రభుత్వ హాస్టల్లో సీట్లు నిండిపోతే, చర్చి ట్రస్టు వాళ్ళు నడిపే చిన్న ఆడపిల్లల హాస్టల్లో చోటు దొరికింది. తిండీ మంచమూ ఉచితం. షరతు ఒక్కటే, మొదటి సెమిస్టరులో అన్ని పేపర్లూ పాసవ్వాలి. ఒక్కటి పోయినా సీటు వెనకాల కాచుకున్న పిల్లకు వెళ్ళిపోతుంది. హాస్టలు లేకపోతే వినీలకు చదువు లేదు. ఈ సంగతి ఆ పిల్లకు తెలుసు, హెలెన్‌కు తెలుసు, నాకూ తెలుసు.

రెండు నెలలు ఆ పిల్ల నోరు తెరవలేదు. మూడో నెలలో ఓ రోజు లేచి, హాస్టలు కుళాయి సరిగ్గా కట్టకపోతే కాకి వచ్చి చుక్కచుక్కా తాగుతోందని ఇంగ్లీషులో చెప్పింది. సగం తప్పులే. హెలెన్ ఆ వేళ స్టాఫ్‌రూముకు వచ్చి, ఆ వాక్యాన్ని నాకు మూడుసార్లు చెప్పింది. సొంత బిడ్డ నడక నేర్చినా అంత సంబరపడదు ఏ తల్లీ. అక్కణ్ణుంచి వినీల ఆగలేదు. నా క్లాసులో కూడా ప్రశ్నలు అడగడం మొదలెట్టింది. నిజం చెప్పాలంటే నాకు కొంచెం చిరాకేసింది. పాతికేళ్ళుగా నన్నెవరూ ప్రశ్నలడగలేదు.

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఏటా నేను ముఖ్యమైన ప్రశ్నల జాబితా ఇస్తాను, పిల్లలు వాటికి గైడులో జవాబులు గుర్తు పెట్టుకుని బట్టీ పడతారు. ఆ ఏడు హెలెన్ పిల్లలు జాబితా రాసుకోలేదు. నాకు ఒళ్ళు మండింది.

"ఏంటండీ హెలెన్ గారూ, మీ పిల్లలు నా ఇంపార్టెంట్లు వద్దంటున్నారంట."

"నేనే వద్దన్నానండి. జాబితా ఇస్తే గైడు తెరుస్తారు."

"ముందు ఏరు దాటనివ్వండి వాళ్ళని. ఈత తర్వాత నేర్పుదురుగాని."

"దాటినాక ఎవరు నేర్చుకుంటారండీ? నేను నేర్చుకోలేదుగా."

"పేపరు దిద్దేది మీరు కాదు. పిల్లికి చెలగాటం ఎలక్కి ప్రాణసంకటం లాగా ఉంది మీ వ్యవహారం."

ఆ మాట ఆవిడకు తగిలింది. ముఖం ఎర్రబడింది. బ్యాగులో ఏదో వెతికినట్టు తల దించుకుంది. "నేను మోసపోయినట్టు వాళ్ళని మోసపోనివ్వనండి" అని మాత్రం అంది.

నాలుగు రోజుల తర్వాత వినీల స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడింది. నేను ఇంటర్నల్స్ దిద్దుకుంటున్నాను. హెలెన్ క్లాసుకు బయల్దేరుతోంది.

"మేడమ్, ఒక్క మాటండి" అంది ఆ పిల్ల. "హాస్టల్లో అందరూ గైడు చదువుతున్నారండి. మన క్లాసోళ్ళు కూడా కొంతమంది చాటుగా చదువుతున్నారు. నాకు ఒక్క పేపరు పోయినా సీటు తీసేస్తారండి. నేను కూడా చదువుకోనాండి?"

"గైడు లేకుండా రాయగలవా, లేవా?"

"రాయగలనండి."

"మరింకేంటమ్మా. రాయి. నేనున్నాగా."

ఆ పిల్ల సరేనండి అని తలూపి వెళ్ళిపోయింది. హెలెన్ కూడా వెళ్ళిపోయింది. నేను కావాలంటే ఆ పిల్లను వెనక్కి పిలిచి, నా సొరుగులో ఉన్న గైడు చేతిలో పెట్టి, మీ మేడమ్‌కు చెప్పకు అనగలిగేదాన్ని. అనలేదు. ఈవిడకు ఓ దెబ్బ తగిలితేగానీ తెలిసిరాదులే అనుకున్నాను. అందరినీ అన్నన్ని మాటలు అనే నా నోరు, పనికొచ్చే రోజున మూసుకుంది. ఇప్పటికీ అది తలుచుకుంటే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఫలితాలు ఫిబ్రవరిలో వచ్చాయి. కాలేజీ వరండాలో అందరూ ఫోన్ల మీదికి వంగి ఉన్నారు. హెలెన్ క్లాసులో ఇరవైరెండు మందిలో పదమూడు మంది అన్నీ పాసయ్యారు. తొమ్మిది మందికి ఏదో ఒకటి పోయింది. బాబీ అనే కుర్రాడు పాసైన పదమూడు మందిలో ఒకడు. సంతోషం పట్టలేక హెలెన్ దగ్గరికొచ్చి, తను రోజూ సాయంత్రం గైడే చదివానని, క్షమించమని చెప్పేశాడు. వాడి వెనక ఇంకొకడు, వాడి వెనక ఇంకొకమ్మాయి. మధ్యాహ్నానికల్లా లెక్క తేలిపోయింది. ఆవిడ మాట విననివాళ్ళు పాసయ్యారు. విన్నవాళ్ళు పోగొట్టుకున్నారు.

వినీలకు ఒక్కటే పోయింది, నా కామర్స్ పేపరు. ముప్పై రావాలి, ఇరవై ఒకటి వచ్చింది.

హెలెన్ ఆ జవాబు పత్రం జిరాక్సు కాపీకి దరఖాస్తు పెట్టించింది. అది రావడానికి మూడు వారాలు పట్టింది. వచ్చిన రోజు తెచ్చి నా బల్ల మీద పెట్టి, చదవమంది. భాగస్వామ్య వ్యాపారం గురించి వివరించమని ప్రశ్న. మా గైడులో దానికి నిర్వచనం, లక్షణాలు, లాభాలు, నష్టాలు అని వరసగా తలకట్లు ఉంటాయి. వినీల అవేమీ రాయలేదు. వాళ్ళ నాన్న కాపలా ఉండే తోటలో ఇద్దరు బావా బావమరుదులు కలిసి పూత మీద పంట కొన్నారని మొదలుపెట్టింది. ఒకడు డబ్బు పెట్టాడు, ఇంకొకడు మందు కొట్టించే పని, కోత పని చూసుకున్నాడు. లాభం ఎలా పంచుకోవాలో పూతప్పుడే మాట్లాడుకున్నారు. గాలివాన వచ్చి పిందె రాలిపోతే నష్టం ఎవరిది అన్నది మాట్లాడుకోలేదు. ఆ ఏడు గాలివాన వచ్చింది. అందుకే ఒప్పందం కాగితం మీద ఉండాలని, ఒకడు చేసిన అప్పుకు ఇంకొకడి ఇల్లు కూడా పోవచ్చని, అదే ఈ వ్యాపారంలో పెద్ద ప్రమాదమని రాసింది. క్రియలు తప్పు, స్పెల్లింగులు తప్పు. పాఠం మాత్రం నాకంటే బాగా చెప్పింది. అలాంటి జవాబు నా సర్వీసులో చూడలేదు.

పదికి రెండు మార్కులు వేశారు. పేజీ మొత్తం మీద ఒకే ఒక్క ఎర్ర గీత ఉంది.

"ఇది చదివే వేశారంటారా?" అని అడిగింది హెలెన్.

నాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. వాల్యుయేషన్ క్యాంపులో ఏం జరుగుతుందో చెప్పాను. పూటకు ముప్పై పేపర్లు ముందు పడేస్తారు. మధ్యాహ్నం భోజనానికి ముందు అయిపోవాలి. మేం ఎవరం చదవం. తలకట్లు ఉన్నాయా, కింద గీతలు గీశారా, నిర్వచనం మొదటి లైన్లో ఉందా, అవి చూసి మార్కు వేసి పేజీ తిప్పుతాం. ముప్పై పేపర్లలో ఒకే జవాబు ఇరవై తొమ్మిదిసార్లు చూశాక, ముప్పయ్యోది వేరేగా ఉంటే అది తప్పులాగే కనిపిస్తుంది.

"మీ చేతికే వచ్చుంటే?"

"మూడు వేసేదాన్నేమో" అన్నాను.

ఆవిడ కాగితాలు సర్దుకుంది. నన్ను నాలుగు మాటలంటే బాగుండేదనిపించింది నాకు.

మళ్ళీ దిద్దమని దరఖాస్తు పెట్టించాం. దాని ఫలితం ఎప్పటికో వస్తుంది. ఈలోపల హాస్టలు వాళ్ళు సీట్లు పోయినవాళ్ళ జాబితా తీశారు. ట్రస్టు కార్యదర్శి జయపాల్ గారి దగ్గరికి హెలెన్ వెళుతుంటే నేనూ వెంట వెళ్ళాను. నా పాపం కొంచెం కడుక్కుందామని. ఆయన చెడ్డవాడేం కాదు. కుర్చీలు వేయించి, టీ తెప్పించాడు. జవాబు పత్రం చదువుతానని తీసుకుని, నిజంగానే చివరిదాకా చదివాడు.

"అమ్మాయి తెలివైందండి" అన్నాడు. "కానీ మా దగ్గర పద్నాలుగు మంచాలే ఉన్నాయి. బయట కాచుకున్న పిల్లలు ముప్పై మంది. పాసైన పిల్లని కాదని పోయిన పిల్లని ఉంచితే, వాళ్ళ తల్లిదండ్రులకి నేనేం చెప్పాలి?"

"తప్పు పిల్లది కాదండి, నాది. గైడు చదవొద్దని నేనే చెప్పాను."

"ఆ మాట కాగితం మీద ఎక్కడ రాయమంటారండీ?" అన్నాడు ఆయన. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు.

ఆ శనివారం ఆమోసు కూతురి ట్రంకు పెట్టె, పరుపు చుట్ట తీసుకెళ్ళడానికి వచ్చాడు. పొట్టి మనిషి, తెల్ల చొక్కా వేసుకున్నాడు. కాలేజీకి వస్తున్నానని వేసుకున్నాడేమో. మణెమ్మ రాలేదు, పత్తి ఆఖరు తీతలు. హెలెన్ ఆయన్ను వరండాలో పట్టుకుని, వినీల పటమటలో తన ఇంట్లో ఉంటుందని, తనతోపాటే బస్సులో కాలేజీకి వస్తుందని, ఖర్చేమీ అడగనని చెప్పింది.

"మీది పెద్ద మనసమ్మా" అన్నాడు ఆమోసు. "పాపకి మీరంటే ప్రాణం. అందుకేనమ్మా భయం. మీరు ఏం చెప్తే అది చేస్తది. ఇంక చాల్లెండమ్మా."

ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే హెలెన్ తట్టుకునేది. వినీల పెట్టె పక్కన నిలబడి ఉంది. ఏడుపు అయిపోయిన ముఖం.

"మేడమ్, నేను రాసింది కరెక్టేనాండి?" అని అడిగింది.

"కరెక్టేనమ్మా."

"మరి మార్కులెందుకు రాలేదండి?"

హెలెన్ నా వైపు చూసింది. నేను కామర్స్ లెక్చరర్ని కదా, సమాధానం చెప్పాల్సింది నేనే. నేను తోట వైపు చూశాను. ఆటో వచ్చింది, పెట్టె ఎక్కించారు, వాళ్ళు వెళ్ళిపోయారు.

మళ్ళీ దిద్దిన ఫలితం మే నెలలో వచ్చింది. మార్పు లేదు అని రెండే మాటలు. రెండోసారి దిద్దిన మనిషి కూడా నాలాంటివాడే అయి ఉంటాడు. అప్పటికే వినీల బెజవాడలో ఓ పెద్ద బట్టల షాపులో చేరింది. షాపు వాళ్ళే ఉండటానికి గది ఇస్తారు, పన్నెండు మంది అమ్మాయిలకు ఒకటి. ఆ సంగతి తెలిసి హెలెన్ ఓ ఆదివారం చర్చి అయ్యాక అటు వెళ్ళింది. ఆ రోజు ఏం జరిగిందో తర్వాత బస్సులో నాకు ఒక్కసారే చెప్పింది, మళ్ళీ ఎత్తలేదు.

పనివేళల్లో అమ్మాయిలు తెలిసినవాళ్ళతో మాట్లాడకూడదట. వెనకాల సూపర్‌వైజరు నిలబడి చూస్తుంటాడు. అందుకని హెలెన్ కొనడానికి వచ్చినదానిలా కూర్చుని, మంగళగిరి చీరలు చూపించమంది. వినీల ఒకదాని మీద ఒకటి పరిచింది. పరుస్తూ ఇంగ్లీషులో మాట్లాడింది. ఇది అసలైన నూలు, రంగు పోదు, మీ ఒంటి ఛాయకు బాగా నప్పుతుంది, ఈ వారం మాత్రమే తగ్గింపు. ఒక్క తప్పు లేదు. ఒక్కచోట ఆగలేదు. షాపు వాళ్ళు కాగితం ఇచ్చి నేర్పిస్తారట, అప్పజెప్పినవాళ్ళనే కౌంటరు మీదికి పంపిస్తారట. మొదటి వారంలోనే వినీలను పంపించారట.

"ఎంత బాగా చెప్పిందో" అంది హెలెన్. అప్పుడు ఏడ్చింది. బస్సులో జనం చూస్తున్నారని కూడా అనుకోలేదు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. మంచి మాట ఏదైనా చెబుదామంటే నా నోటికి అలవాటు లేదు.

ఆ ఏడు హెలెన్ ఉద్యోగం ఆగస్టులో మళ్ళీ వచ్చింది. పొద్దుటి క్లాసు ఇంక పెట్టదనే అనుకున్నాం. పెట్టింది. ఈసారి ముప్పై ఒక్క మంది చేరారు. ఎలా చెబుతోందో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. నవంబరులో ఓ రోజు ప్రిన్సిపాలు గారు ఏదో తనిఖీ అని పిలిస్తే నేను కూడా తొమ్మిది కాకముందే కాలేజీకి వచ్చాను. వరండాలోకి రాగానే క్లాసులోంచి ముప్పై గొంతులు ఒకేసారి వినిపించాయి. కిటికీ దగ్గర ఆగాను.

హెలెన్ బెంచీల మధ్య నడుస్తోంది. చేతిలో మా సబ్జెక్టు గైడు ఉంది. భాగస్వామ్యం నిర్వచనం ఓ లైను చదువుతోంది, పిల్లలు అంటున్నారు. ఇంకో లైను, మళ్ళీ అంటున్నారు. పుస్తకంలో చూడకుండా చెప్పమని ఒక్కొక్కరినీ లేపుతోంది. నేను ఎన్నేళ్ళుగానో చెప్పిన పద్ధతే అది. వాదనలో గెలిచినదాన్ని నేనే.

మూడో బెంచీలో ఏంజెల్ అనే కొత్త పిల్ల లేచింది. సగం చెప్పి ఆగిపోయింది.

"మేడమ్, దీనికి అర్థం ఏంటండి?" అని అడిగింది.

హెలెన్ గైడు మూసి ఆ పిల్ల వైపు చూసింది. చెబుతుందనే అనుకున్నాను. తోటల సంగతి ఆవిడకు తెలుసు, పూత మీద పంట కొనడం తెలుసు, చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

"అర్థం అడక్కమ్మా, మార్కులు పోతాయి" అంది. "మొదట్నుంచి చెప్పు."

ఏంజెల్ చేతులు కట్టుకుని మొదటినుంచి చెప్పింది.